పైపొర రాయి

నాకు ముక్కు మీద కోపం. నా చేతిపనికి ఎవరైనా వంక పెడితే ఉలి పక్కన పడేసి తగువుకి దిగేవాణ్ణి. తిరువూరులో సమాధిరాయి మీద పేరు చెక్కాలంటే మదారే చెక్కాలని అనిపించుకున్నవాణ్ణి మరి. అందుకే డెబ్భై ఎనిమిది అక్టోబరులో శౌరయ్య బాబాయి నా పాక ముందుకొచ్చి, జోజమ్మ పేరు పోయిందనగానే ఒళ్లు మండింది.

జోజమ్మ ఆయన భార్య. పోయి ఏడేళ్లయింది. ఆ రాయి చెక్కింది నేనే.

పేరు ఎలా పోతుందని కసిరాను. ఆయన తల వంచుకుని, తప్పంతా తనదేనన్నాడు. ఆదివారం పూజ అయ్యాక కొబ్బరిపీచుతో ఆ రాయి కడగడం ఆయనకి అలవాటట. నాలుగేళ్లకి అక్షరాల అంచులు పీచుతోపాటు ఊడొచ్చాయట.

"నా మొరటు చేతులే చెరిపేశాయి. సమాధుల పండక్కి కొత్తది చెక్కు నాయనా. ఈసారి నేను ముట్టుకోనులే," అన్నాడు.

సరేనన్నాను. పీచుకి రాయి అరగదని నాకు తెలుసు.

మా నాన్న పీర్‌సాహెబ్ గుట్ట మీద పైరాయిని ఎప్పుడూ తీసుకోలేదు. ఎండకి కాగి, వానకి నాని, ఏళ్ల తరబడి ఆ పొర లోలోపలే పుచ్చిపోతుందనేవాడు. మూరెడు లోతు తవ్వించి, కింది రాయిని సుత్తితో కొట్టి, ఖంగుమంటేనే బండికెక్కించేవాడు. జోజమ్మ కోసం నేను గుట్టెక్కిన రోజున ఎండ మండిపోతోంది. తవ్వడానికి బద్ధకించాను. పైరాయినే కొట్టి చూశాను. మట్టిగోడని కొట్టినట్టు మోగింది. విన్నాను, విని కూడా తెచ్చాను. మెత్తటి రాయి కదా, ఉలి ఎటు తిప్పితే అటు తిరిగింది. పేరు చుట్టూ మల్లెతీగ కూడా చెక్కాను. చూసినవాళ్లంతా నా చేతిని మెచ్చుకుంటే మీసం దువ్వుకున్నాను.

మర్నాడు సమాధుల దొడ్డికి వెళ్లి చూశాను. మా నాన్న చెక్కిన రాళ్లు పాతికేళ్ల వానలకి నల్లబడ్డాయేగాని ఒక్క అక్షరం చెదరలేదు. నా రాయి మీద గోరు పెడితే పెచ్చు లేచింది. మల్లెతీగ లేదు. పేరులో 'జో' ఒక్కటే మిగిలింది. సిగ్గుతో చచ్చిపోయాను.

కొత్త రాయి చెక్కేసి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. రెండు రోజులు ఆ ఆలోచనతోనే ఉన్నాను, అదీ దాచను. మూడోరోజు బాబాయిని అక్కడికి తీసుకెళ్లాను. మా నాన్న చెక్కిన రాయిని సుత్తితో మెల్లగా తట్టాను. తర్వాత నా రాయిని తట్టాను.

"తేడా విన్నావా బాబాయ్? చెక్కేనాడే నాకు ఇది వినిపించింది. చెరిపింది వాన. వానకి అప్పజెప్పింది నేను. నీ చేతులు ఏ పాపమూ చెయ్యలేదు," అన్నాను.

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన వంగి, ఆ రాయి మీద చెయ్యి వేశాడు.

"మూడేళ్లయింది మదారూ, దీన్ని ముట్టుకుని," అన్నాడు.

కాసేపటికి కాసిని నీళ్లు తెమ్మన్నాడు. బావి నుంచి చేదతో తెచ్చి పోశాను. ఆయన ఉత్త చేత్తో కడుగుతుంటే ఆ మిగిలిన 'జో' కూడా రాలి, నీళ్లతో పాటు నా కాళ్ల దగ్గరికి వచ్చింది. ఆయన కడగడం ఆపలేదు. నేను పోస్తూనే ఉన్నాను.