ప్రతి శనివారం పంక్చర్

మా శనివారం గుంపులో ఎవరూ పైకి చెప్పని నియమం ఒకటుంది. టైరు పంక్చరైతే అందరూ ఆగుతారు. మనిషికి ఊపిరి చాలకపోతే ఎవరూ ఆగరు. వారిక్ పెంగెల్లీని ఆ నియమం దాదాపు చంపేసింది.

గుంపంటే పది పన్నెండు మంది. ఆస్ట్రేలియాలో అడిలైడ్ నగరం తూర్పు పేటల్లో సొంత ఇళ్లున్నవాళ్లు, యాభై దాటినవాళ్లు, కొలెస్ట్రాల్ మాత్రలు మింగేవాళ్లు. తెల్లవారేసరికి పార్కు గేటు దగ్గర చేరతారు. చేరగానే సాకులు మొదలవుతాయి. ఒకడికి రాత్రి నిద్ర లేదు. ఒకడికి మోకాలు. ఒకడికి జలుబు ఇంకా పూర్తిగా తగ్గలేదు. అప్పటికింకా ఎవరూ పెడల్ మీద కాలు పెట్టరు. వెనకబడ్డాక చెప్పాల్సినవి ముందే చెప్పి ఉంచుకుంటారు.

గడ్డం గీసుకోవడానికి బద్ధకించేవాళ్లు కాళ్లు గీసుకుంటారు. గాలి తక్కువ తగులుతుందట. మా నాయకుడు లిండ్నర్ పళ్ల డాక్టరు. సైకిల్‌కున్న బోల్టులన్నీ పీకించి టైటానియంవి వేయించాడు. జేబులో చిల్లరంత బరువు తగ్గింది. కొండ మీది బేకరీలో మాత్రం వారం వారం రెండు వెనిలా క్రీము స్లైసులు తింటాడు. ట్రెంట్ అని ఇంకొకడు. ఇల్లు చేరేసరికి మీటరులో వంద కిలోమీటర్లు నిండకపోతే తన వీధిలోనే గుండ్రంగా తిరుగుతాడు. తాళంచెవి పారేసుకున్నాడేమోనని ఎదురింటావిడ ఒకసారి చీపురు పట్టుకుని వెతకడానికి వచ్చింది. ఎర్ర లైటు దగ్గర పెడల్‌కు బిగించిన బూటు ఊడక, నిలబడ్డ చోటే మెల్లగా పక్కకి ఒరిగిపోయేవాడూ ఇతనే. లేచాక ముందు చూసుకునేది మోచేతిని కాదు, సైకిల్ రంగుని.

ఎవరినైనా దాటేటప్పుడు వీళ్లు నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీస్తారు, శ్రమే లేనట్టు. మలుపు తిరగ్గానే గట్టున పడ్డ చేపల్లా నోళ్లు తెరుస్తారు. నేను అందరికంటే వెనక ఉంటాను కాబట్టి రెండూ చూస్తాను.

నా పేరు డెస్. గోధుమ పొలాల మధ్య ఒక్క టీచరున్న బడిలో చదువుకున్నాను. పనిచేసినన్నాళ్లూ పొలాలకు కంచెలు వేశాను. నా భార్య మర్లీన్ పోయాక శనివారం ఉదయాలు ఇంట్లో కూర్చోలేక ఈ గుంపులో పడ్డాను. నాది ఇనుప సైకిల్. నా కాళ్లకు వెంట్రుకలున్నాయి. అందుకని వాళ్ల లెక్కలో నేను లేను. లెక్కలో లేనివాడి ముందు ఎవరూ ఏదీ దాచుకోరు.

వారిక్ ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసి మానేశాడు. ఒకప్పుడు క్వారీ కొండ అందరికంటే ముందు ఎక్కాడట. ఆ ఒక్క ఉదయం గురించి ఇప్పటికీ చెబుతాడు. కొత్తవాడు గుంపులో చేరితే కాఫీ చల్లారేలోపు ఆ కథ వినాల్సిందే. చెప్పిన ప్రతిసారీ కొండ ఇంకొంచెం నిటారుగా ఉంటుంది, ఎదురుగాలి ఇంకొంచెం పెరుగుతుంది.

ఎండాకాలం పోయి ఆకులు రాలే రోజులు వచ్చినప్పటి నుంచి వారిక్‌కి పంక్చర్లు మొదలయ్యాయి. ప్రతి శనివారం, అదే చోట, పాత క్వారీ గేటు దాటాక నిటారు మొదలయ్యే మలుపులో. చెయ్యి పైకెత్తుతాడు. పంక్చర్ అని అరుస్తాడు. గుంపు పైన చెట్టు నీడలో ఆగుతుంది. మొహాలు చిట్లిస్తారు గానీ లోపల అందరికీ పండగే. అప్పటికి అందరికీ ఆయాసమే. ఒకడి పంక్చరు మీద పన్నెండు మంది ఊపిరి పీల్చుకుంటారు. అందుకే వెనక్కి దిగి వచ్చి టైరు చూసినవాడు లేడు.

బేకరీలో మాత్రం వేళాకోళం ఆడతారు. ఆ మలుపులో మేకులు చల్లేది ట్యూబులమ్మే షాపువాడేనని ఒకడు. వారిక్‌కి వాడు వాటా కూడా ఇస్తున్నాడని ఇంకొకడు. వారిక్ అందరికంటే గట్టిగా నవ్వుతాడు.

చివరగా ఆ మలుపు చేరేది నేను. నాకు కనబడేది వేరు. అతను వాల్వు నొక్కి మంచి టైరులో గాలి తీస్తాడు. బాగున్న ట్యూబు లాగి జేబులో పెట్టి కొత్తది ఎక్కిస్తాడు. ఎక్కించే ముందు రోడ్డు పక్క రెయిలింగుకి ఆనుకుని కాసేపు కూర్చుంటాడు. కుడిచేత్తో ఎడమ మోచెయ్యి పట్టుకుంటాడు. మొహం తడిసిన బూడిద రంగులో ఉంటుంది.

ఆ రంగు నాకు తెలుసు. మర్లీన్ ఏడాది పాటు పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని తిరిగింది. నాకు చెప్పలేదు. అడిగితే అరగలేదంది. పచ్చిక మీద బంతులు దొర్లించే లాన్ బౌల్స్ క్లబ్బులో ఆమెతో ఆడే ఇద్దరు ఆడవాళ్లకు తెలుసు. అంత్యక్రియల తర్వాత, సాండ్‌విచ్ పళ్లెం చేతిలో పట్టుకుని, వాళ్లే నాకు చెప్పారు. మొగుడూ పెళ్లాల విషయం కదా, జోక్యం చేసుకోకూడదనుకున్నారట. ఆ ఇద్దరినీ నేను మళ్లీ పలకరించలేదు. ఒకామె మా ఎదురింట్లోనే ఉంటుంది.

వారిక్‌తో ముందు నేనొక్కడినే మాట్లాడాను. డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను. వాల్వులు నాసిరకమన్నాడు. నేను చూసింది వాల్వు కాదని చెప్పాను. అప్పుడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"నవంబరు దాటనివ్వు డెస్. లిండ్నర్ జట్లు వేస్తాడు. ఆ తర్వాత నువ్వు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతా."

ఏటా నవంబరులో లిండ్నర్ గుంపుని రెండుగా చీలుస్తాడు. కొండ ఎక్కగలిగినవాళ్లు ఒకటి. మిగతావాళ్లు కాఫీ జట్టు. కాఫీ జట్టు సముద్రం ఒడ్డున చదును రోడ్డు మీద పోతుంది. అందులో బ్యాటరీ సైకిళ్లుంటాయి, భార్యలుంటారు. అందులోకి వెళ్లినవాడి గురించి బేకరీలో చనిపోయినవాడి గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. బాగా తొక్కేవాడు పాపం, అంటారు. అరవై దాటిన మనిషి తన గుండెని పణంగా పెట్టింది ఈ పరువు కోసం.

లిండ్నర్‌కి చెప్పాను. ఎంతైనా డాక్టరు, పళ్లకే అయినా. అతను చెంచాతో కాఫీ నురగ తిప్పుతూ విన్నాడు.

"మనం ఒకరినొకరు అలా అడగం డెస్. ఇవాళ వాణ్ణి అడిగితే రేపు ఇంకొకణ్ణి అడగాలి. ఎక్కడ ఆగుతుంది ఇది?"

ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. అతని దగ్గరే. లిండ్నర్‌కి పంక్చర్లు కావు, ఫోన్లొస్తాయి. సరిగ్గా కాళ్లు బరువెక్కే చోట అత్యవసరంగా ఒక రోగి ఫోను చేస్తాడు. లిండ్నర్ దిగి, ఫోను చెవిన పెట్టుకుని, ఆయాసం తీరేదాకా తల ఊపుతాడు. అంత పొద్దున, శనివారం పూట, పళ్ల డాక్టరుకి ఎవడు ఫోను చేస్తాడని ఎవరూ అడగరు. అందరూ అందరి దొంగతనాలకీ కాపలా.

నవంబరులో, ఇక్కడ ఎండలు ముదిరే నెలలో, ఆ శనివారం ఉత్తరపు గాలి వీచింది. ఎడారి నుంచి వచ్చే గాలి అది, పొయ్యి తలుపు తీసినట్టుంటుంది. ఇళ్లలో కుక్కలు కూడా బయటికి రాలేదు. జట్లు వేసే రోజు కాబట్టి వీళ్లు మాత్రం వచ్చారు. ఆ రోజు ఎవరూ సాకు చెప్పలేదు. అంతగా భయపడ్డారు.

వారిక్ ఆ వేళ క్వారీ గేటు కూడా చేరలేదు. కింద చెర్రీ పళ్లు అమ్మే షెడ్డు దగ్గరే చెయ్యి లేచింది. పంక్చర్ అన్న మాట సగమే వినబడింది. గుంపు కొంచెం పైకి పోయి ఆగింది.

నేను చేరేసరికి అతను నేల మీద ఉన్నాడు. కూర్చునే ముందు హ్యాండిల్ మీది మీటరు ఆపాడు, ఆగిన సమయం సగటు వేగంలో కలవకుండా. అది దూరం నుంచే నా కళ్లతో చూశాను. వెనక టైరు నొక్కాను. రాయిలా ఉంది. ముందుదీ అంతే.

వారిక్ వాల్వు వైపు చెయ్యి చాపాడు. వేళ్లు దాన్ని పట్టుకోలేకపోయాయి.

"గాలి తీసెయ్ డెస్," అన్నాడు. "వాళ్లు వచ్చి చూస్తారు. తీసెయ్యరా, నీకు పుణ్యముంటుంది."

చెమట కారుతున్న ఆ బూడిద మొహంతో, ప్రాణం పోయేలా ఉండగా, అతను నన్ను అడిగింది అది. నీళ్లు అడగలేదు. భార్య పేరెత్తలేదు.

పై నుంచి లిండ్నర్ కేకేశాడు. "ముందుదా, వెనకదా?"

"టైరు కాదు," అన్నాను. "మనిషి."

దిగి వచ్చారు. వచ్చి చుట్టూ నిలబడ్డారు. ట్రెంట్ తన మీటరు కూడా ఆపుకున్నాడు. ఒకడు వారిక్ సైకిల్‌ని ఎండలోంచి తీసి జాగ్రత్తగా నీడలో పెట్టాడు. మనిషి ఎండలోనే ఉన్నాడు. నేను చొక్కా విప్పి అతని మొహానికి నీడ పట్టి, లిండ్నర్ వైపు తిరిగాను.

"నీ ఫోను తియ్యి. ఈసారి నిజంగా చెయ్యి."

అతను నా కళ్లలోకి చూడకుండా అంబులెన్సుకి ఫోను చేశాడు.

ఆసుపత్రిలో వారిక్‌ని తీవ్ర చికిత్స గదిలో పెట్టారు. మధ్యాహ్నానికి కళ్లు తెరిచాడు. అతని భార్య హెదర్ తోటపని బట్టల్లోనే వచ్చేసింది, గోళ్లలో మట్టి ఉంది. గుంపులో నలుగురు మంచం చుట్టూ చేరారు. బిగుతు లాగులు, రంగురంగుల చొక్కాలు. బూట్ల అడుగున పెడల్‌కి బిగించే బిళ్లలుంటాయి, నున్నటి నేల మీద టకటకమంటూ బాతుల్లా నడిచారు. పక్క మంచం ముసలాయన వాళ్లను చూసి గోడ వైపు తిరిగిపోయాడు.

వాళ్లే హెదర్‌కి జరిగింది చెప్పారు. పంక్చరైందని, ట్యూబు మార్చడానికి వంగాడని, ఉన్నట్టుండి ఇలా అయిందని. ఎండ మరి, అన్నాడు ట్రెంట్. లిండ్నర్ తల ఊపాడు.

డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు. ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా నొప్పి వచ్చిందా, ఎత్తు ఎక్కేటప్పుడు చెయ్యి లాగిందా అని అడిగింది. దాన్ని బట్టే ముందు ఏం చెయ్యాలో చూడాలంది.

"లేదు," అన్నాడు వారిక్. "ఇదే మొదటిసారి."

అని నా వైపు చూశాడు. చెప్పొద్దంటోంది ఆ చూపు. మిగతావాళ్లంతా తమ బూట్లు చూసుకుంటున్నారు.

హెదర్ మొహం తుడుచుకుంది. "ఈయనకి పంక్చర్లు మరీ ఎక్కువైపోయాయి. తీసేసిన ట్యూబులతోనే ఈ ఏడు టమాటా మొక్కలన్నీ కట్టాను. ఒక్కదానికీ చిల్లు కనబడలేదు. నాకే సరిగ్గా ఆనడం లేదేమో అనుకున్నా."

"నీ కళ్లు బాగానే ఉన్నాయి హెదర్," అన్నాను. తర్వాత డాక్టరమ్మకి చెప్పాను. ఎండాకాలం పోయినప్పటి నుంచి ప్రతి శనివారం, అదే మలుపులో. టైరుకి ఎప్పుడూ ఏమీ కాలేదు. ఎడమ చెయ్యి పట్టుకుని కూర్చుంటాడు. రంగు పోతుంది. కాసేపటికి సర్దుకుంటుంది.

ఆమె గబగబా బయటికి వెళ్లి ఎవరినో పిలిచింది.

"డెస్," అన్నాడు వారిక్, కళ్లు మూసుకుని. "నువ్వు మనిషివేనట్రా?"

హెదర్ అతని వైపు చూడలేదు. లిండ్నర్ వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

లిండ్నర్ హెల్మెట్ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "అనుమానం ఉండేది. కానీ అతని సొంత విషయం కదా. జోక్యం చేసుకోకూడదని..."

బౌల్స్ క్లబ్బు ఆడవాళ్లు అన్న మాటే. చేతిలో సాండ్‌విచ్ పళ్లెం లేదు, అంతే తేడా.

హెదర్ అతన్ని కొట్టలేదు. కొడితే బాగుండేది. "మీ సైకిల్ చక్రంలో గాలి తగ్గితే పన్నెండు మంది ఆగుతారే," అని మాత్రం అంది. తర్వాత అందరినీ బయటికి పొమ్మంది. నన్ను కూడా.

మర్నాడు పొద్దున్నే వారిక్ ఛాతీ తెరిచారు. అలా ఇంకొన్నాళ్లు వదిలేసి ఉంటే ఏ వంటింట్లోనో కుప్పకూలేవాడని చెప్పారట. ఈ మాట నాకు చెప్పింది హెదర్ కాదు, ఆమె చెల్లెలు, అదీ చేపల దుకాణంలో వరసలో నిలబడి. హెదర్ నాకు ఒక్క మాట కృతజ్ఞత చెప్పలేదు. నేనూ ఆశించలేదు. మొగుడు తన దగ్గర దాచింది పరాయివాడి నోట, నలుగురి ముందు వినడం ఏ ఆడదానికీ తీపిగా ఉండదు.

వారిక్ సైకిల్ అమ్మేశాడు. కొన్నది ట్రెంటే. వారిక్ ఇంకా ఆసుపత్రిలో ఉండగానే సీటు ఎత్తు తనకి సరిపోతుందో లేదో కనుక్కున్నాడు. నన్ను చూస్తే వారిక్ రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తాడు. నాకేం బాధ లేదు. దాటేది సొంత కాళ్లతోనే కదా. ఆ కాళ్లకు ఇప్పుడు వెంట్రుకలు కూడా మొలిచాయి.

నా పేరు లిండ్నర్ గుంపు మెసేజుల్లోంచి తీసేశాడు. ఎక్కడ కలుస్తున్నారో నాకు తెలియకూడదని. పుట్టి బుద్ధెరిగాక ఇంకో చోట కలవని మనుషులు. ప్రతి శనివారం పార్కు గేటు దగ్గరే నిలబడి కొత్త సాకులు చెప్పుకుంటారు. నేను కొంచెం వెనకగా వెళతాను. రోడ్డు లిండ్నర్ తాతది కాదు.

మొన్న శనివారం క్వారీ మలుపులో ఒక చెయ్యి లేచింది. లిండ్నర్‌ది. ఫోన్ల మీద అందరికీ నమ్మకం పోయిందని అతనికీ తెలిసినట్టుంది. పంక్చర్ అన్నాడు. అందరూ చెట్టు నీడలో ఆగి వేరే వైపు చూశారు.

నేను దిగాను. సైకిల్ రెయిలింగుకి ఆనించాను. ముందు అతని మొహం చూశాను. ఎర్రగా ఉంది, ఉడికిన రొయ్యలా. ఎడమ చెయ్యి మామూలుగానే వేలాడుతోంది. వట్టి ఆయాసం. తర్వాత వంగి రెండు టైర్లూ బొటనవేలితో నొక్కాను.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు.

"టైర్లు గట్టిగానే ఉన్నాయి," అన్నాను, పైన చెట్టు దాకా వినబడేలా. "నువ్వూ బాగానే ఉన్నావు. ఎక్కు."

ఎవరూ నవ్వలేదు. నేను సైకిలెక్కి, వాళ్లందరినీ దాటుకుంటూ, నోరు తెరిచే ఊపిరి పీల్చుకుంటూ పైకి పోయాను.