అత్తగారి కుర్చీ

మా ఆయన నిరాడంబరత తరగతులకు వెళ్ళొచ్చాక మా ఇంట్లో సామాన్లకు కాళ్ళొచ్చాయి. ముందు సోఫా వెళ్ళిపోయింది. తర్వాత భోజనాల బల్ల, దాని వెనకే కుర్చీలు. "వస్తువులు తగ్గితే మనసు తేలికవుతుంది" అంటూ ఈయన నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. ఆ మాట చెప్పే పుస్తకాలు మాత్రం కొని తెచ్చి, హాల్లో మోకాలెత్తు దొంతర పేర్చారు. తాను దూర కంత లేదు, మెడకో డోలు! నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇక మిగిలింది మా అత్తగారి చేతుల కుర్చీ ఒక్కటే. ఆవిడకి మోకాళ్ళు అరిగిపోయాయి. కుర్చీ చేతులు పట్టుకుంటేనే తనంతట తాను లేచి, వంటింట్లోకొచ్చి నాకు కూరలు తరిగిపెట్టేవారు. అది పోతే ఆవిడ మంచానికే అంటుకుపోతారని నా భయం.

"అమ్మా, ఆదివారం మా గురువుగారు మనిల్లు చూడ్డానికొస్తున్నారు. ఈలోగా ఆ కుర్చీ కూడా పంపించేద్దాం."

"నేను లేచాక తీసుకెళ్ళు నాయనా," అన్నారు అత్తగారు.

అప్పట్నుంచి ఆవిడ లేస్తే నేను కూర్చునేదాన్ని, నేను లేస్తే ఆవిడ. అత్తాకోడళ్ళ ఐకమత్యం చూసి పక్కింటావిడ నోరు వెళ్ళబెట్టింది.

ఆదివారం గురువుగారు వచ్చారు. భారీ మనిషి. బోసి హాలు చూసి మురిసిపోయి, నేలమీద చతికిలబడి, గంటసేపు ఉపన్యసించారు. ఆ తర్వాత లేవబోయారు. లేవలేకపోయారు. మా ఆయనో రెక్క, నేనో రెక్క పట్టి లాగినా కదల్లేదు.

ఓ మూల కుర్చీలో కూర్చున్న అత్తగారు నెమ్మదిగా లేచి, దాన్ని ఆయన ముందుకు జరిపారు. "దీన్ని పట్టుకుని లేవండి బాబూ. నేనూ అలాగే లేస్తాను."

ఆయన లేచారు. లేచి, "హమ్మయ్య!" అంటూ అందులోనే కూలబడ్డారు. కాసేపటికి కుర్చీ చేతులు నిమురుతూ అడిగారు. "ఇలాంటిది ఎక్కడ దొరుకుతుందమ్మా?"

అత్తగారికి కూర్చోడానికి ఇంకేమీ లేదు. అటూ ఇటూ చూసి, గోడ పట్టుకుని వెళ్ళి ఆ పుస్తకాల దొంతర మీద కూర్చున్నారు. కన్నతల్లి చోటు వెతుక్కోవడం చూసి మా ఆయన తల దించుకున్నారు. నాకు జాలేసింది, కొంచెం సంతోషం కూడా వేసింది.

మర్నాడు ఇంట్లోంచి పుస్తకాలు వెళ్ళిపోయాయి. ఈయన తల్లి కుర్చీ పక్కన చేరి, గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మా, నీకేమైనా తెమ్మంటావా?"

"ఇంకేం కావాలిరా నాకు? కూర్చునే ఉన్నాగా," అన్నారు అత్తగారు, బెండకాయలు తరుగుతూ.