కెప్టెన్ గ్లాసు

అర్మాన్ ఒక ముక్కుపుటం వేలితో నొక్కి, సైకిలు తొక్కుతూనే చీదాడు. అది గాలికి తేలి వచ్చి వెనకనున్న మిరేయ్ మోచేతికి అంటుకుంది. ఛీ! పొద్దున్న మాకోన్ ఊళ్లో బయలుదేరినప్పటి నుంచీ ఇదే వరస. పక్కకు తప్పుకుంటే బారు చెడుతుంది. ముందుకు పోదామా అంటే ఆ సైకిలు క్లబ్బులో అంతకన్నా మహాపాపం లేదు. రెండు వందల కిలోమీటర్లూ అందరూ ఒకే గుంపుగా, ఒకే వేగంతో పోవాలి. కెప్టెన్‌ను ఎవరూ దాటకూడదు.

ఆ కెప్టెన్ అర్మాన్. ఏళ్ల తరబడి మిరేయ్ ఆయన వెనక చక్రం చూస్తూనే తొక్కింది. ఆయన చెమట కంపు, వైన్ తేన్పులు, ద్రాక్షతోటలకు చల్లిన గంధకం ఘాటు, అన్నీ కలిసి ఆమె ముఖానే కొట్టేవి. చాలదన్నట్టు గుట్ట గుట్టకీ ఉపన్యాసం ఒకటి. ఈ తోట వైన్‌లో రాయి రుచి తగులుతుందట, ఆ తోట దాంట్లో పొగ రుచి తగులుతుందట. రాయీ లేదు, రప్పా లేదు. వింటుంటే ఒళ్లు మండిపోయేది.

అయినా పంటి బిగువున భరించింది. ఎందుకంటే అర్మాన్ ఈరోజుతో దిగిపోతున్నాడు. చివరి మజిలీలో పాత కెప్టెన్ తన గ్లాసు నింపి ఎవరి చేతికిస్తే, దాన్ని వాళ్లు ఖాళీ చేస్తే, వాళ్లే కొత్త కెప్టెన్. స్కూలు బస్సు నడుపుకునే ఆడదాని వెనక మేం తొక్కాలా అని వెకిలిగా నవ్వినవాళ్లంతా తన వీపు చూస్తూ తొక్కాలి. మిరేయ్‌కి కావలసింది అదొక్కటే.

ఫ్లూరీ ఊరు దాటాక, చివరి మజిలీగా ఒక రైతు వైన్ కొట్టు దగ్గర ఆగారు. అందరూ కుళాయి దగ్గర ముఖాలు కడుక్కుంటుంటే, మిరేయ్ మరుగుదొడ్డి వెతుక్కుంటూ ముందుగా లోపలికి వెళ్లింది. అక్కడ ముగ్గురు టూరిస్టులు వైన్ పుక్కిలించి నీలం కూజాలోకి ఉమ్ముతున్నారు. రుచి చూడ్డానికి వచ్చినవాళ్లు చేసే పనే అది, మత్తెక్కకుండా. అందులో ఒకాయన గొంతులోంచి కాండ్రించి మరీ ఉమ్మాడు. మిరేయ్ ముఖం తిప్పుకుని మరుగుదొడ్డి వైపు పోయింది.

ఆమె తిరిగొచ్చేసరికి టూరిస్టులు వెళ్లిపోయారు. రైతు సీసాల కోసం నేలమాళిగలోకి దిగాడు. గుంపంతా లోపలికి వచ్చేసింది. ఆత్రం ఆపుకోలేక అర్మాన్ అప్పటికే ఆ నీలం కూజా ఎత్తి, గ్లాసులో ఒంపుకుని, గటగటా తాగేశాడు.

"ఆహా! ముదురు తీగలు. దక్షిణపు వాలు," అన్నాడు కళ్లు మూసుకుని. "నా నాలుక తప్పు చెప్పదు."

"నీ నాలుక ఊరుకున్నదెప్పుడులే!" అంది సొలాంజ్. డెబ్బై దాటినా అందరితో సమానంగా తొక్కే ముసలావిడ. అందరూ ఘొల్లున నవ్వారు.

అర్మాన్ గ్లాసును అంచుదాకా నింపి మిరేయ్ వైపు చాచాడు. "ఇదిగో అమ్మాయ్. ఇన్నేళ్లూ నోరెత్తకుండా నా వెనకే వచ్చావు. పుచ్చుకో."

ఇప్పుడు నోరెత్తితే? ఇంతమందిలో ఆయన పరువు పోతుంది, ఆ కోపంలో గ్లాసు ఇంకొకడి చేతికి పోతుంది. మిరేయ్ గ్లాసులోకి చూసింది. పైన నురగ. నురగ కింద సన్నటి దారంలా ఏదో సాగుతోంది. ఆమె ఊపిరి బిగబట్టి తాగేసింది. గోరువెచ్చగా, జిగటగా, చివరి చుక్క దాకా దిగింది.

చప్పట్లు మోగాయి.

"ఎలా ఉంది కెప్టెన్?" అన్నాడు అర్మాన్.

"బ్రహ్మాండం," అంది డోకు దిగమింగుతూ.

"అయితే అందరికీ పోస్తా!" అని కూజా ఎత్తాడు. అందరికన్నా ముందు సొలాంజ్ గ్లాసు చాచింది.

"నిండా పొయ్యి నాయనా. నోరు పిడచకట్టుకుపోయింది."

మిరేయ్ గబుక్కున ఆ గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు సొలాంజ్! అది ఉమ్మి కూజా. ఇందాక వాళ్లు ఉమ్ముతుంటే చూశాను."

అర్మాన్ ముఖం పాలిపోయింది. నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని బయటికి పరుగెత్తాడు. పాపం, పాపం అంటూ నలుగురు వెంట పోయారు. సొలాంజ్ మాత్రం కదల్లేదు.

"ఎప్పుడు చూశావు? నువ్వు తాగకముందా, తాగాకా?"

మిరేయ్ తన ఖాళీ గ్లాసును బల్ల మీద పెట్టింది.

"ముందే?"

మిరేయ్ తలూపింది.

"అయితే పద, కెప్టెన్," అంది సొలాంజ్. అని, మిరేయ్ చెయ్యి తగిలిన గ్లాసు అంచును చొక్కా కొసతో గట్టిగా తుడిచింది.