కృపయా తలుపుకు దూరంగా

మాణిక్యం గారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గానీ, ఉద్యోగం ఆయన్నింకా వదిలిపెట్టలేదు. నోయిడాలో ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని ప్రతి ఆదివారం ఆరాధన జరుపుకునే తెలుగు సంఘానికి ఆయన పెద్ద. చెప్పులు ఏ వరుసలో విడవాలన్న దగ్గర్నుంచి కీర్తన మధ్యలో దగ్గొస్తే ఏం చెయ్యాలన్న దాకా అక్కడ ఆయన నియమం లేని విషయం లేదు. అన్నిట్లోకీ కఠినమైనది బల్ల నియమం. నెలకోసారి ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. ఆ ఆదివారం ఒప్పుకోలు ప్రార్థన అయిపోగానే తలుపు మూసెయ్యాలి. పాపాలు ఒప్పుకునే వేళకి రాకుండా తిన్నగా రొట్టె దగ్గరికి వచ్చేవాళ్ళకి ప్రవేశం లేదు.

ఈ ఆదివారం మూసిన ఆ తలుపు బయట నిలబడింది సాక్షాత్తూ మాణిక్యం గారే. పక్కన ఆయన భార్య అన్నమ్మ, చేతికర్ర పట్టుకుని.

అన్నమ్మ తుంటి విరిగి ఎండాకాలం నుంచీ మంచం మీదే ఉంది. మళ్ళీ బల్ల తీసుకోవాలన్న ఒక్క ఆశతో, నొప్పికి ఏడుస్తూనే నడక నేర్చుకుంది. పొద్దున్నే ఏమీ తినకుండా తెల్లచీర కట్టుకుని అందరికంటే ముందు తయారైంది. ఆలస్యం ఆవిడది కాదు. సొసైటీ గేటు దగ్గర ఎవరో గీత దాటి కారు పెట్టారని మాణిక్యం గారు క్యాబ్ ఆపించి, ఆ కారు యజమానిని కిందికి పిలిపించి, సొసైటీ రూల్సు వినిపించారు. ఖర్మకాలి అతనూ రిటైర్డు ఆఫీసరే. తిరిగి అంతకంటే పెద్ద రూల్సు వినిపించాడు.

తలుపు బయట డ్యూటీ నేహాది. ఢిల్లీలోనే పుట్టి పెరిగి, నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న పిల్ల.

"సారీ అంకుల్. ఒప్పుకోలు హో గయా."

"శభాష్!" అన్నారు మాణిక్యం గారు అలవాటు కొద్దీ. విషయం తర్వాత బుర్రకెక్కింది. "అది కాదమ్మా, మీ ఆంటీని లోపలికి పంపించు. ఆలస్యం నాది."

"ఎక్సెప్షన్ లేదు కదా అంకుల్. లాస్ట్ మంత్ కస్తూరి దీదీని మీరే వాపస్ పంపారు. బేబీకి వామిటింగ్స్ అని చెప్పింది, ఫిర్ భీ పంపేశారు."

మాణిక్యం గారు తన నియమంలో సందు కోసం వెతికారు. ఉద్యోగమంతా సందులు పూడ్చడమే పనిగా బతికిన మనిషి, సొంత నియమంలో మాత్రం ఎందుకు వదులుతాడు? అన్నమ్మ వంక చూశారు. ఆవిడ తలుపు అద్దంలోంచి లోపలి బల్ల వంకే చూస్తోంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇలాంటప్పుడు ఆవిడ తిట్టకుండా ఊరుకోవడం ఎరగరేమో, ఆయనకు భయమేసింది.

"కాస్త కృప చూపించమ్మా," అన్నారు. ప్రార్థనలో తప్ప ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు.

"కృపా?" నేహా ఆలోచించింది. ఆ పిల్లకి తెలిసిన కృప రోజూ మెట్రో రైలు అనౌన్స్‌మెంటులో వినపడే 'కృపయా' ఒక్కటే. పెద్దాయన మర్యాదగా చెప్పమంటున్నారనుకుంది. "ఓ, అచ్ఛా! కృపయా దర్వాజే సే హట్‌కర్ ఖడే రహియే, అంకుల్."

దయచేసి తలుపుకు దూరంగా నిలబడమని.

అన్నమ్మకి నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూ పమిటతో కళ్ళు తుడుచుకుంది. ఆ నీళ్ళు నవ్వువి కావని మాణిక్యం గారికి తెలుసు.

లోపల మైకులో పాస్టరు గారి ప్రసంగం. "ధర్మశాస్త్రం మన చౌరస్తాలో గాలి ఎలా ఉందో చూపించే బోర్డు లాంటిదమ్మా. అది అబద్ధం చెప్పదు. అది లేకపోతే మనం ఏం పీలుస్తున్నామో మనకే తెలీదు. అలాగని బోర్డు ముందు నిలబడి ఊపిరి పీలిస్తే ఊపిరితిత్తులు బాగుపడతాయా?"

ఇలాంటి ప్రసంగాలు ఆయన చాలా విన్నారు, అన్నీ పక్కవాళ్ళ కోసమే అనుకున్నారు. ఇప్పుడు మాత్రం పిల్లాణ్ణి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయిన కస్తూరి కళ్ళ ముందు కనబడింది. ఆ రోజు తను గడియారం వంకే చూశారు గానీ ఆ పిల్ల ముఖం చూడలేదు. సిగ్గుతో ఆయన ప్రాణం చచ్చిపోయింది.

చివరి వరసలో కూర్చున్న కస్తూరి తలుపు అద్దంలోంచి వీళ్ళని చూసింది, నేహా మాటలూ వింది. బల్ల మొదలు కాగానే వెళ్ళి పాస్టరు గారి చెవిలో ఏదో చెప్పింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది. పాస్టరు గారే పళ్ళెం పట్టుకుని, చెప్పుల గుట్ట దాటుకుని బయటికి వచ్చారు. వెనకాలే కస్తూరి.

అన్నమ్మ రొట్టె తీసుకుని కళ్ళు మూసుకుంది. పళ్ళెం మాణిక్యం గారి ముందుకి వచ్చింది. ఆయన వెనక్కి జరిగారు.

"నాకొద్దండి. నేను అర్హుణ్ణి కాను. ఈవిణ్ణి ఆలస్యం చేసింది నేనే. ఈ కస్తూరిని పసివాడితో సహా గుమ్మంలోంచి పంపేసిందీ నేనే. తప్పంతా నాదే."

పాస్టరు గారు నేహా వైపు తిరిగారు. "ఒప్పుకోలు అయిపోయిందన్నావటమ్మా? ఇంకా జరుగుతూనే ఉందే!"

మాణిక్యం గారు ఇంకేదో చెప్పబోయారు.

"చాల్లెండి," అంది అన్నమ్మ. "ఇప్పటికైనా నోరు మూసుకుని చెయ్యి చాపండి."

ఆయన చాపారు. ఇన్నేళ్ళూ వేళకి వచ్చి, హక్కుగా తీసుకున్న రొట్టె ఎన్నడూ గొంతుకు అడ్డం పడలేదు. ఇవాళ పడింది. కస్తూరి తన పిల్లాడి నీళ్ళసీసా మూత తీసి అందించింది.