ఊ కొట్టినవాళ్ల లెక్క

నేను ఒక పరిశోధన వ్యాసాన్ని. మొహం చిట్లించకండి. నాలో పట్టికలు రెండే, మిగతాదంతా మనుషుల మాటే.

నన్ను కన్నది నాగవేణి డాక్టరమ్మ. కర్నూలు వైపు ఒక వైద్య కళాశాలలో పాఠాలు చెబుతుంది. ఒక వేసవిలో ఆమె ఓపీ గుమ్మం బయట స్టూలు వేసుకుని కూర్చుని, డాక్టరుకు చూపించుకుని వచ్చినవాళ్లను ఒకే మాట అడిగింది: "లోపల ఏం చెప్పినారు?"

"మాత్రలు రాసిచ్చినాడమ్మా," అంది ఒక పెద్దామె.

"ఎట్ల వేసుకోమన్నాడు?"

"అదేందో చెప్పినాడులే. నేను ఊ అంటి."

"అర్థం కాకుండానే ఊ అంటివా?"

"అంతసేపు చెప్తా ఉంటే ఊ అనకపోతే ఏం బాగుంటాది తల్లీ. ఆయప్ప నొచ్చుకోడా?"

అదిగో, ఆ మాటలోంచే నేను పుట్టాను. ఎదుటివాడు చెబుతుంటే ఊ కొట్టడం మనవాళ్ల మర్యాద. ఆ మర్యాదను డాక్టర్లు అర్థమైనట్టు జమ కట్టుకుంటున్నారు. రోగి ఊ అన్నాక కూడా "ఏదీ, నేను చెప్పింది మీ మాటల్లో చెప్పండి" అని అడిగి తీరాలి. నా పేజీలన్నీ పిండితే కారేది ఇంతే. 'ఊ అంటే అర్థమైనట్టేనా?' అని నాకు పేరు పెట్టారు. ఒక ఇంగ్లీషు వైద్య పత్రిక నన్ను అచ్చు వేసింది. నన్ను చూపించి నాగవేణి వారానికి ఒక గంట సంపాదించుకుంది. హౌస్ సర్జన్లకు రోగితో మాట్లాడడం నేర్పే గంట అది. ఆ గంటంటే ఆమెకు ప్రాణం.

ఇంతలో కొత్త ప్రిన్సిపాల్ శేషశయనంగారు దిగారు. అంకె వేసి చూపితేగానీ ఆయన కంటికి ఏదీ ఆనదు.

"మాట్లాడేదానికి క్లాసెందుకమ్మా? నీ పరిశోధనకు సైటేషన్లు ఎన్నొచ్చినాయో చూపించు. పది దాటకపోతే ఆ గంట సర్జరీవాళ్లకు ఇచ్చేస్తా."

సైటేషన్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఇంకో పరిశోధకుడు తన వ్యాసంలో మన పేరు రాసి తలుచుకోవడం. ఎవరైనా తలుచుకుంటే మనుషులకు పొలమారుతుందట. నాకు గొంతు లేదు, ఎవరు తలిచారో ఎలా తెలుస్తుంది?

లైబ్రేరియన్ ఖాసింపీరా కంప్యూటర్లో నా పేరు కొట్టాడు. నేను నాగవేణి ఒళ్లో ఉన్నాను. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఆమె చెమట నా అట్టకు అంటుకుంటోంది.

"కుర్చీ గట్టిగా పట్టుకోండి మేడమ్. నలభై ఒకటి."

"సరిగ్గా చూడు పీరా. వేరే నాగవేణేమో."

"మీరే మేడమ్. బ్రెజిల్ నుంచి గూడా ఉంది ఒకటి. ఆడ మనకు చుట్టాలెవరన్నా ఉన్నారా?"

నాగవేణి నవ్వుతూ నన్ను బల్ల మీద చరిచింది. ఆ దెబ్బ నాకు పూలదండ పడ్డట్టుంది. ఇన్నేళ్లూ బీరువాలో చెమ్మ వాసన పీలుస్తూ పడున్నాననుకున్నాను. నేను సముద్రాలే దాటేశాను.

"ఏం రాసినారో చదువు," అంది ఆత్రం పట్టలేక.

పీరా అన్నిటికన్నా పాతది, ఆ బ్రెజిల్ డాక్టరుది, తెరిచాడు. 'రోగి ఊ అంటే అర్థమైనట్టేనని నాగవేణి నిరూపించారు' అని ఉంది. రెండోదీ అదే. మూడోదీ అదే. ముందు గొర్రె ఎటు దూకితే మంద అటే. నన్ను తెరవకుండానే ఒకరిని చూసి ఒకరు రాసుకున్నారు. రాళ్లు ఏరినట్టు ఏరితే, నన్ను చదివినవాళ్లు ఐదుగురు తేలారు. పరిశోధకులు కూడా నాకు ఊ కొట్టారన్నమాట.

"నలభై ఒకటని మాత్రం చెప్పండి మేడమ్. సారు అవన్నీ తెరిచి చూస్తాడా ఏంది?"

"నిజమే. చూడడు." ఆమె నా మూల మడిచింది, విప్పింది. "అబద్ధం మీద గంట నిలబెట్టుకుని ఆ పిల్లల ముందర ఏ మొగంతో నిలబడేది పీరా?"

ప్రిన్సిపాల్ గదిలో ఉన్నదున్నట్టు చెప్పేసింది. "నలభై ఒకటి సార్. సరిగ్గా రాసినోళ్లు మాత్రం ఐదుగురే. మిగిలినోళ్లు తలకిందులు చేసినారు."

శేషశయనంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నీ పేరైతే రాసినారు కదా?"

"రాసినారు సార్."

"మరింకేంది. తప్పా ఒప్పా అని ఈ లెక్క అడగదు. నన్నూ పైవాళ్లు అడగరు. గంట నీదే, పోమ్మా."

బయటికొచ్చి వరండాలో స్తంభానికి ఆనుకుని ఆమె చాలాసేపు నవ్వింది. నేనైతే నవ్వలేకపోయాను. నన్ను నిలబెట్టింది నన్ను చదవనివాళ్లు.

గెలిచిన ఆ గంటలో ఆమె హౌస్ సర్జన్లకు నన్ను తలకిందులు చేసిన వ్యాసాలు తలా ఒకటి పంచింది. "రాసినోళ్లకు మెయిల్ పెట్టండి. మా వ్యాసంలో ఏముందో మీ మాటల్లో చెప్పండని మర్యాదగా అడగండి. రోగిని అడిగినట్టే." పిల్లలు ఎగబడి రాశారు. చాలా రోజులు ఉలుకూ పలుకూ లేదు.

ఈ పొద్దున బ్రెజిల్ డాక్టరు జవాబిచ్చాడు. నాకు పెట్టిన పేరొక్కటే చూసి రాసేశాడట, తప్పయిపోయిందట. వ్యాసం మొత్తం పంపితే చదువుతాడట.

ఇప్పుడు నేను స్కానర్ అద్దం మీద బోర్లా పడుకుని ఉన్నాను. ఆయన చదివినందుకు నా అంకె ఒక్కటి కూడా పెరగదు. అయితేనేం, వెలుగు నా మొదటి పేజీ కిందుగా పాకుతుంటే కాగితం కాగితమంతా ఝల్లుమంటోంది.

"తిన్నగా పెట్టు పీరా," అంటోంది నాగవేణి పక్కనే నిలబడి. "కింది వరస తెగిపోతే ఆయన మళ్లా తలకిందులుగా రాస్తాడు."