గాలిబురుజు ఎవరిది?

రోషనక్‌కి అసూయ పుట్టింది. ఈ మాట చెప్పాల్సి వస్తే మా యజ్ద్ ఊళ్ళో అందరూ గొంతు తగ్గిస్తారు, ఏదో చర్మరోగం పేరు చెప్తున్నట్టు. నేను తగ్గించను. తన చేత్తో చేసిన వస్తువు ఇంకొకరి చేతిలో మెరుస్తుంటే మనిషన్నవాడికి కడుపు మండాలి. మండలేదంటే లోపల ఏదో చచ్చిపోయిందన్నమాట. అలాంటివాళ్ళ మూలానే పైవాళ్ళు కుర్చీలు దిగకుండా హాయిగా బతికేస్తున్నారు.

సంగతి ఇది. సర్‌చెష్మె అనే పల్లెలో చిన్న కాన్పుల ఆసుపత్రి ఉంది. వేసవిలో మధ్యాహ్నం కరెంటు పోతుంది. బాలింతలు తడిగుడ్డలు కప్పుకుని పడుకోవాల్సిందే. ఆ ఆసుపత్రి మీద మా ఊరి పాత ఇళ్ళ మీద ఉండేలాంటిదే ఒక గాలిబురుజు ఉంది. నాలుగు వైపులా నిలువు కిటికీలు, మధ్యలో గదిలోకి దిగే ఇటుక గొట్టం. ఒకప్పుడు చల్లగాలి దింపేదట. ఇప్పుడు వేడిదుమ్ము తెచ్చి పసిపిల్లల మొహాన కొడుతోంది. ఆసుపత్రి గదుల్నీ ఈ బురుజునీ బాగుచేసే పని మా కట్టడాల ఆఫీసుకి వచ్చింది. నేను అక్కడ నక్షాలు గీసేవాణ్ణి. జనరేటర్ పెడదాం అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. మా ఇంజినీరు రోషనక్ ఒక్కతే నిచ్చెన వేసుకుని బురుజు ఎక్కింది.

దిగి వచ్చి, గాలి ఎదురొచ్చే వైపు కిటికీలన్నీ మూసేయమంది.

"గాలి కావాలంటూ గాలికే తలుపేస్తారా ఖానుమ్? మీ అత్తగారింట్లో కూడా ఇంతేనా?" అన్నాడు మేస్త్రీ. మా దగ్గర ఆడవాళ్ళని ఖానుమ్ అనీ, మగవాళ్ళని ఆగా అనీ మర్యాదగా పిలుస్తాం.

"మా అత్తగారింట్లో అయితే నాలుగు వైపులా మూసేదాన్ని. ముందు ఇది కానివ్వు."

వెనకవైపు కిటికీలు మాత్రం తెరిచి ఉంచింది. బురుజుని రాసుకుంటూ పరుగెత్తే గాలి గదిలోని వేడిని వెనకవైపు నుంచి పైకి లాగేస్తుంది. ఆ ఖాళీ నింపడానికి నేలమాళిగ అడుగున పారే కనాత్ కాలువ నుంచి, నీళ్ళ మీది చల్లగాలి లేచి గదిలోకి వస్తుంది. ఇందులో మాయలేదు. వందల ఏళ్ళ కిందట ఇక్కడి మేస్త్రీలు తెలిసే కట్టారు. మధ్యలో ఏసీలు అమ్మేవాళ్ళు వచ్చారు, మనం మరిచిపోయాం. రోషనక్ దాన్ని మళ్ళీ కొలిచింది, లెక్క కట్టింది. గాలి వేగాన్ని బట్టి తెరుచుకునే రేకు రెక్కలు తనే చేయించి కిటికీలకి బిగించింది. మొదటి మధ్యాహ్నం కరెంటు పోయింది. కాసేపటికి ఒక బాలింత నర్సుని దుప్పటి అడిగింది. రోషనక్ బయటికి వచ్చి ఆసుపత్రి గోడకి ఆనుకుని ఏడ్చింది.

ఆ వార్త టెహ్రాన్ దాకా వెళ్ళింది. ఇలాంటివి ఇంకా చాలా పల్లెల్లో కట్టడానికి డబ్బిస్తాం, ముందు నిలబడి నడిపించే మనిషి పేరు ఒకటి పంపండి అన్నారు అక్కడి అధికారులు. మా యజమాని కియూమర్స్ అందరినీ తన గదిలోకి పిలిచాడు.

"పేరు చెప్పక్కర్లేదనుకుంటా," అని రోషనక్ వైపు తిరిగాడు.

ఇక్కడ మా తారోఫ్ సంగతి చెప్పాలి. మాకు ఏదైనా ఇస్తే వెంటనే పుచ్చుకోం. వద్దంటాం. మళ్ళీ ఇస్తారు, మళ్ళీ వద్దంటాం. మూడోసారి ఇచ్చినప్పుడు సిగ్గుపడుతూ తీసుకుంటాం. టాక్సీవాడు కూడా కిరాయి వద్దంటాడు. నిజమే అనుకుని దిగిపోయావో, వీధి చివరిదాకా తిట్టుకుంటూ వస్తాడు. ఊళ్ళో కుక్కలకి కూడా తెలిసిన ఆట ఇది.

"నేనెంతదాన్ని ఆగా! గుల్నార్ వెళ్ళాలి. ఆమె ముందు నాకు నోరెక్కడిది?" అంది రోషనక్.

గుల్నార్ ఆమెతో పాటు యూనివర్సిటీలో చదివింది. అప్పటినుంచీ జంట, మా ఆఫీసులో కూడా. ఆసుపత్రి గదులు, గోడలు మార్చి గీసింది గుల్నారే. మాటకారి.

"అయ్యో, చాల్లే రోషనక్ జాన్! పనంతా నీది. నేను వెళ్తే జనం నవ్వరూ?"

"నీ ప్రాణం మీద ఒట్టు, నువ్వే వెళ్ళాలి. నువ్వుంటే నేనున్నట్టే."

ఇప్పుడు గుల్నార్ ఇంకోసారి వద్దనాలి. వద్దంటే కియూమర్స్ నవ్వి, ఇక ఆపండమ్మా, రోషనకే వెళ్తుంది అంటాడు. రోషనక్ తలవంచుకుని, మీ ఇష్టం అంటుంది. అందరం టీ తాగుతాం. మా అందరి కళ్ళూ గుల్నార్ మీదే ఉన్నాయి. గుల్నార్ నోట్లో చక్కెర ముక్క పెట్టుకుని టీ చప్పరించింది. ఏమీ అనలేదు.

"అయితే గుల్నార్ ఖానుమ్. బాగుంది," అన్నాడు కియూమర్స్. అతనికి అప్పుడే ఫోన్ మోగింది.

రోషనక్ నవ్వింది. ఆ నవ్వు నేను చూశాను. పంటి నొప్పితో ఫోటో దిగేవాళ్ళు అలా నవ్వుతారు.

తరవాతవన్నీ రోషనకే నాకు చెప్పింది. సిగ్గుపడకుండా చెప్పింది, అందుకే రాస్తున్నాను.

మర్నాడు కొత్తాబ్ మిఠాయి పెట్టె కొని గుల్నార్ ఇంటికి వెళ్ళి అభినందించింది. గుల్నార్, ఎందుకింత శ్రమ అంది. రోషనక్, నీ ముందు ఇదెంత అంది. ఇంటికి వచ్చి బాత్రూమ్‌లో నీళ్ళు తిప్పి, ఆ చప్పుడులో గుల్నార్‌ని నోటికొచ్చినట్టు తిట్టింది. గుల్నార్ వేసుకున్న కొత్త కోటు రంగు నచ్చలేదు. నడక నచ్చలేదు. ఇన్నేళ్ళూ ముద్దుగా అనిపించిన నవ్వు ఇప్పుడు గిన్నెలు దొర్లినట్టు వినబడింది. వీధిలో ఎవరైనా "గుల్నార్ ఎలా ఉంది?" అంటే, "ఆమెకేం, బ్రహ్మాండంగా ఉంది" అనేది. అని గబగబా నడిచిపోయేది.

ఒక సాయంత్రం టీవీలో గుల్నార్ వచ్చింది. వెనక సర్‌చెష్మె బురుజు. "నేనూ నా బృందమూ గాలికి ఎదురు తిరగకుండా, గాలి చేతే పని చేయించుకున్నాం," అంది.

"ఆ మాట నీదే కదే!" అంది రోషనక్ తల్లి, పళ్ళెంలో కీరదోస తొక్క తీస్తూ.

"ఊఁ."

"బృందం అంటే నువ్వేనా?"

"అమ్మా, ఛానెల్ మార్చు."

"ఎందుకు మార్చాలి? చూడనీ. నా కూతురు కన్న బిడ్డకి పక్కింటావిడ పేరు పెడుతోంది. నోరెందుకు ఇచ్చాడే దేవుడు, రొట్టె నమలడానికా? నీ ప్రాణం మీద ఒట్టు అన్నావట! ఒట్టు వేసి మరీ ఇచ్చేశావు. మీ నాన్న కూడా ఇంతే, బస్సులో సీటు అందరికీ ఇచ్చేసి జీవితమంతా నిలబడే వెళ్ళాడు."

ఆ రాత్రి రోషనక్ కోరుకున్నది ఒక్కటే. గుల్నార్ తప్పు చెయ్యాలి. పెద్ద తప్పు. అందరూ చూసే తప్పు.

గుల్నార్ మొదలుపెట్టిన కొత్త ఆసుపత్రి దెహ్‌నోలో, కొండ వెనక పల్లెలో. రోషనక్ సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్ళింది. తప్పు వెతకడానికే వెళ్ళింది. కుళ్ళుతో చూసే కన్ను ఇన్స్పెక్టర్ కన్ను కంటే నిదానంగా చూస్తుంది. అతనికి జీతం చాలు. కుళ్ళుకి ఏదో ఒకటి దొరికే తీరాలి.

దొరికింది. బురుజు అప్పటికే లేచింది. గుల్నార్ సర్‌చెష్మె నక్షాని అచ్చు దింపింది. వాయవ్యం కిటికీలు మూత, ఆగ్నేయం కిటికీలు బార్లా. మా దగ్గర గాలి వాయవ్యం నుంచే వస్తుంది. కానీ ఇక్కడ కొండ అడ్డముంది. గాలి దాన్ని చుట్టుకుని ఇటు ఆగ్నేయం నుంచి తిరిగి కొడుతోంది. రోషనక్ రోడ్డు మీద నిలబడి తలగుడ్డ కొస వదిలితే, అది పటపటా వాయవ్యానికి ఎగిరింది. అంటే ఈ బురుజు నోరు తెరుచుకుని వేడిదుమ్ము మింగుతుంది. మింగి గదిలో కక్కుతుంది. పైగా టెహ్రాన్ వాళ్ళు ప్రారంభానికి వస్తున్నారు.

రోషనక్‌కి ఎంత సంతోషం వేసిందంటే, రోడ్డు పక్క రాయి మీద కూర్చుని తెచ్చుకున్న పిస్తాలన్నీ తినేసింది.

అప్పుడు లోపలినుంచి ఒకావిడ వచ్చింది. ఆ పల్లె మంత్రసాని, హమీదె. వయసైన మనిషి, మోచేతుల దాకా సున్నం.

"మీరేనా గుల్నార్ ఖానుమ్? టీవీలో ఇంకా సన్నగా కనిపించారే!"

"కాదు. నేను ఆమె స్నేహితురాల్ని." ఆ మాట అనడం ఆమెకి ఎలా ఉందో ఊహించుకోండి.

"అయితే ఆమెకి చెప్పండి, ఆమె చెయ్యి చల్లగుండాలి. పోయిన వేసవి పాత గదిలో కరెంటు పోయినప్పుడు ఒక పిల్ల కాన్పు మధ్యలో స్పృహ తప్పింది. నేను విసనకర్ర పట్టుకోనా, బిడ్డని పట్టుకోనా? ఈసారి చల్లగా ఉంటుందని ఊరంతా చెప్పేశాను. నెల నిండినవాళ్ళు నలుగురున్నారు, ప్రారంభం దాకా ఆగండే అంటున్నా. వాళ్ళ కడుపులు వింటాయా!" అని నవ్వింది. "రండి, లోపల టీ ఉంది."

రోషనక్ టీ తాగకుండానే బస్సెక్కేసింది. సంతోషం పోలేదు, అలాగే ఉంది. దాని పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది. రెండూ ఒకదాన్నొకటి మోచేతుల్తో పొడుచుకుంటూ ఊరి దాకా వచ్చాయి. నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ఎలా? మెల్లగా చెవిలో చెప్తే గుల్నార్ దిద్దుకుంటుంది, పేరు గుల్నార్‌దే ఉంటుంది. చెప్పకపోతే గుల్నార్ కూలుతుంది, హమీదె మళ్ళీ విసనకర్ర పట్టుకుంటుంది. మంచివాళ్ళు మొదటిది చేస్తారు, చేసి జీవితాంతం లోలోపల కుళ్ళుతారు. రోషనక్ అది చెయ్యలేదు, అందుకే ఆమె అంటే నాకు గౌరవం.

అయిదో రోజు పొద్దున్నే కియూమర్స్ గదిలోకి నడిచింది. గుల్నార్ అక్కడే ఉంది. నేను నక్షాలు పట్టుకుని ఉన్నాను.

"రా రా, ముందు టీ తాగు," అన్నాడు కియూమర్స్.

"వద్దు."

"ఒక్క గ్లాసు..."

"వద్దంటే వద్దనే. దెహ్‌నో బురుజు తప్పు."

గుల్నార్ తల ఎత్తింది. "ఏం తప్పు? నీ గీతలేగా. ఒక్కటి కూడా మార్చలేదు."

"అదే తప్పు. అక్కడ గాలి వాయవ్యం నుంచి రాదు. కొండ తిప్పుతోంది. తెరిచినవైపు మూసి, మూసినవైపు తెరవాలి. రెక్కల లెక్క మళ్ళీ కట్టాలి."

గుల్నార్‌కి అర్థమైంది, తెలివిగల మనిషే. మొహం ఎర్రబడింది.

"ఎప్పుడు చూశావు?"

"శనివారం."

"ఇవాళ బుధవారం! తెలిసి కూడా ఆగావా?"

"ఆగాను. మొదటి రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా."

"ఎంత కుళ్ళే నీకు!"

"చాలా ఉంది. నువ్వు టీవీలో నా మాటలు చెప్తుంటే నువ్వు నాలుక కొరుక్కోవాలని కోరుకున్నాను. నీకు లేదా?"

గుల్నార్ గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టింది. "ఉంది! ఇవాళ్టిది కాదు. యూనివర్సిటీలో చేరినప్పటి నుంచీ ఉంది. నీ పక్కన నిలబడితే నేనెప్పుడూ రోషనక్ స్నేహితురాల్నే. మాస్టార్లు కూడా నా పేరు మరిచిపోయేవాళ్ళు. ఆ రోజు ఇంకోసారి వద్దనాలని నాకు తెలీదా? తెలుసు. నోరు రాలేదు. మొదటిసారి ఎవరో నా పేరు పలికారు, దాన్ని ఉమ్మేయమంటావా?"

"మనమంతా ఒకే కుటుంబం..." అని మొదలుపెట్టాడు కియూమర్స్. యజమాని కుటుంబం అన్నాడంటే జేబులు తడుముకోవాలని నాకు ఎప్పుడో తెలిసింది. అతనికి ఎవరి పేరైనా ఒకటే, డబ్బు రావాలి.

గుల్నార్ అతన్ని ఆపేసింది. కళ్ళు తుడుచుకుంది. "సరే. నువ్వే నడిపించు. నీ పేరే పంపించుకో. నాకేమీ వద్దు."

ఇప్పుడు రోషనక్ అయ్యో అనాలి. అలా కాదు గుల్నార్ జాన్, ఇద్దరం కలిసే చేద్దాం అనాలి. గుల్నార్ దానికోసమే చూస్తోంది, ఆ చూపు నాకు తెలుసు. కియూమర్స్ అప్పుడే నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు.

"సరే," అంది రోషనక్. "ఇప్పుడే టెహ్రాన్‌కి ఫోన్ చెయ్యండి ఆగా. నా ముందే చెయ్యండి. గదులు గుల్నార్‌వి, ఆ పేరు ఎవరూ తియ్యకూడదు. బురుజు నాది."

గుల్నార్ మొహం కరెంటు పోయిన ఇల్లులా అయింది. ఎవరైనా ఇంత మోటుగా తీసుకోవడం మా గదిలో అదే మొదటిసారి. కియూమర్స్ ఫోన్ అందుకోక తప్పలేదు.

దెహ్‌నోలో మేస్త్రీలు మూసిన వైపు పగలగొట్టి, తెరిచిన వైపు ఇటుక పేర్చారు. రోషనక్ కొత్త రెక్కలు తనే బిగించింది. ఆ మధ్యాహ్నం గుల్నార్ కూడా వచ్చింది, పిలవకుండానే. కొత్త కోటు నిండా దుమ్ము. కింద ఎండలో నిలబడి పైకి చూస్తూ ఉంది. హమీదె లోపలినుంచి, "వచ్చింది! కాళ్ళకి తగులుతోంది!" అని అరిచింది. అది విని గుల్నార్ పెదవి కొరుక్కుంది.

రోషనక్ నిచ్చెన దిగి ఆమె ఎదురుగా నిలబడింది.

"మూడో ఊరు నేను చేస్తాను," అంది గుల్నార్. "గదులూ నావే, బురుజూ నాదే. లెక్కలు నేర్చుకుంటాను. నువ్వు వేలు పెట్టావంటే విరుస్తాను."

"తప్పు కడితే?"

"వచ్చి వెతుక్కో. ఆ పని నీకంటే బాగా ఎవరు చేస్తారు?"

రోషనక్ చేతులకున్న సున్నం దులుపుకుంది. మూడో ఊరు గుల్నార్‌ది అవుతుందన్న మాట మళ్ళీ ఎక్కడ మండిందో, దవడ బిగుసుకోవడం నేను చూశాను.

"ఏ ఊరు అది?" అంది.

"చెప్పను," అంది గుల్నార్, బస్సు వైపు నడుస్తూ.