ఎర్సీలియా కట్టిన పురుగు

మా ఆయన కంటిరెప్పలో గాలం దిగిందన్న కబురు వచ్చేసరికి నేను బల్ల ముందు కూర్చుని పురుగు కడుతున్నాను. పురుగంటే నిజం పురుగు కాదు. నది అడుగున రాళ్ళను పట్టుకుని పాకే పురుగుపిల్లలు ఉంటాయే, ట్రౌట్ చేపలకు అవంటే ప్రాణం. చిన్న గాలానికి ఇత్తడి పూస ఎక్కించి, కుందేలు చెవి బొచ్చు చుట్టి, పైన సన్నటి రాగి తీగ బిగిస్తే అచ్చం అలాగే ఉంటుంది. అలుమినే నది ఒడ్డున మా ఊళ్ళో సగం కొంపలు వీటి మీదే బతుకుతున్నాయి. మగవాళ్ళు పైఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళను నదికి తీసుకెళ్ళి చేపలు పట్టిస్తారు, ఆడవాళ్ళం ఇంట్లో కూర్చుని పురుగులు కడతాం.

కబురు తెచ్చింది గుచ్చినవాడే. బ్యూనస్ ఐరిస్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు. మోకాళ్ళదాకా తడిసిపోయి, గుమ్మంలో నిలబడి వణుకుతున్నాడు.

"గాలి, సెన్యోరా, గాలి! నేను విసిరింది నీళ్ళలోకే. వెనక నుంచి ఒక్క విసురు విసిరింది..."

"ఇక్కడి గాలికి కొత్తా పాతా ఏం తెలుస్తుంది? ఆయన కళ్ళద్దాలు ఏమయ్యాయి?"

"తుడుచుకుందామని అప్పుడే తీశాడు. నేనే లాగేద్దామనుకున్నాను, నేనూ డాక్టర్నే కదా, కానీ ఆయన ఒప్పుకోలేదు."

"పళ్ళ డాక్టరు కదా తమరు! ఆయన కంట్లో పన్ను మొలిచినప్పుడు కబురు పెడతాలెండి" అని, చేతిలో ఉన్న కత్తెర చేతిలోనే పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాను.

ఆసుపత్రి అంటే రెండు గదులూ, మిర్తా అనే నర్సూ. డాక్టరు వారానికోసారి వస్తాడు, ఆ రోజు ఈ రోజు కాదు. మిర్తా మా ఆయన ఉబాల్దోను మంచం మీద పడుకోబెట్టి, కుడి కంటి మీద కాగితం కప్పు బోర్లించి అంటించింది. ఆయన పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"పెద్ద చేపే పడింది, డెల్ఫినా" అన్నాడు నా అడుగుల చప్పుడు విని.

"నోరు మూసుకుని పడుకో" అన్నాను.

మిర్తా నన్ను పక్కకు పిలిచింది. నగరంలోని కళ్ళ డాక్టరుతో ఫోన్లో మాట్లాడిందట. గాలం రెప్పను పొడుచుకుని లోపలికి దిగింది, కొన బయటికి కనిపించడం లేదు. "ముల్లు లేని గాలమైతే నన్నే తీసెయ్యమన్నాడు. ముల్లుంటే మాత్రం చెయ్యి పెట్టొద్దన్నాడు. లాగితే రెప్ప చీలి, కనుగుడ్డును కూడా గీసేస్తుందట. అప్పుడు నెయుకెన్ నగరానికి పంపించాల్సిందే."

గాలం కొనకు కాస్త కింద, వెనక్కి తిరిగి ఒక చిన్న ముల్లు ఉంటుంది. దిగేటప్పుడు తెలియదు, లాగేటప్పుడే మాంసాన్ని పట్టుకుంటుంది. మా నదిలో ఆ ముల్లుతో చేపలు పట్టడం నేరం. పట్టుకారుతో నొక్కి చదును చేసి తీరాలి. ఇక నెయుకెన్ అంటారా, రోజంతా కంకర రోడ్డు. ప్రతి గుంటకూ ఆ కొన లోపల కదులుతూనే ఉంటుంది.

నాకు ఊపిరి తిరిగి వచ్చింది. "నేను దారం చుట్టకముందే ముల్లు నొక్కేస్తాను మిర్తా, ఊరంతా ఎరుగుదురు. భయం లేదు, తీసెయ్" అన్నాను.

"ఒక్కసారి చూసి చెప్పు, నీదేనా?" అని మిర్తా కప్పు పైకెత్తింది.

వంగి చూశాను. వాచిన రెప్ప మీద ఇత్తడి పూస మెరుస్తోంది. బొచ్చు నాలాగే ఉంది, రంగు నాలాగే ఉంది. రాగి తీగ మాత్రం అటు తిరిగి ఉంది. నా తీగ చుట్లు కుడికి వాలతాయి. ఇవి ఎడమకు వాలాయి. ఈ నది పొడుగునా ఎడమచేత్తో పురుగులు కట్టేది ఒక్కతే. ఎర్సీలియా.

ఎర్సీలియా మా ఆయనకు అక్క. మా ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. నా పురుగులు పెళ్ళికి ముస్తాబైన కోళ్ళలా ఉంటాయని ఆవిడ ఎక్కడో అన్నది. ఆ తర్వాత నదీ కాపలా అధికారి ఎవరి పెట్టెలోనో ముల్లు నొక్కని పురుగు పట్టుకున్నాడు. తీగ చుట్లు ఎడమకు వాలి ఉన్నాయి. దొరికిందే చాలని ఆవిడ ముల్లు నొక్కదని రొట్టెల కొట్టు దగ్గరా, చర్చి మెట్ల మీదా, కనిపించినవాళ్ళందరికీ చెప్పాను. అప్పటి నుంచి మాటల్లేవు.

"ఇది నాది కాదు" అన్నాను.

మిర్తా చెయ్యి ఆగిపోయింది. ఉబాల్దో రెండో కన్ను కూడా మూసుకున్నాడు.

"ఇది నీ పెట్టెలోకి ఎలా వచ్చిందయ్యా?"

"అక్క ఇచ్చింది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"అవి తొందరగా మునుగుతాయే... నీవి పైపెట్టెలో పెట్టుకుంటాను, ఇవి కింద..."

"దాచుకుని మరీ వాడుతున్నావా! ఇంకో ఆడదాని వెంట పడినా ఇంత ఒళ్ళు మండేది కాదు నాకు!"

"అమ్మా తల్లీ, ఆ గొడవ ఇంటికెళ్ళి పడండి" అంది మిర్తా. "ముల్లు ఉందా, లేదా?"

అది ఎర్సీలియాకే తెలియాలి. నాకు ఉత్త నీళ్ళు కనిపించే చోట మా ఆయనకు చేప కనిపిస్తుంది. రాయి పక్కన నీడ కదిలితే అది ట్రౌటో, ఊగే నాచో చెప్పేస్తాడు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ రెండు కళ్ళ వల్లే. ఇప్పుడు అందులో ఒకటి, ముల్లు నొక్కదని నేను ఊరంతా చాటిన మనిషి చేతిలో ఉంది.

ఆవిడ ఇల్లు ఆసుపత్రి వెనక వీధిలోనే. తలుపు బాదాను. చేతిలో మాతే టీ గిన్నెతో వచ్చి తలుపు తీసి, నన్ను చూడగానే ముఖం గంటు పెట్టుకుంది.

"దారి తప్పి వచ్చావా?"

"వదినా, నువ్వు కట్టిన పురుగు తమ్ముడి కంట్లో దిగింది. ముల్లు నొక్కావా లేదా? అదొక్కటి చెప్పు."

గిన్నె కింద పెట్టేసింది. "నొక్కాను" అంది.

"నిజంగానా?"

"అప్పుడు అధికారి పట్టుకున్నదాన్ని నొక్కడం మరిచిపోయాను, నిజమే. ఆ ఒక్కటే. అది ఎలా జరిగిందని నన్నడిగావా? ఊరందరికీ చెప్పావు, నన్నొక్కదాన్ని అడగలేదు. ఆ రోజు నుంచి ప్రతి గాలాన్నీ రెండుసార్లు నొక్కుతున్నాను, నీ మీద కోపంతోనే. అంతా నీ నోటి పుణ్యమే."

నమ్మాలని ప్రాణం కొట్టుకుంటోంది, నమ్మితే కన్ను పోతుందేమోనని భయం. ఆ భయం నా ముఖంలో చూసినట్టుంది, మారు మాట్లాడకుండా అలమారలోంచి రేకు డబ్బా తీసుకుని, చెప్పులైనా వేసుకోకుండా బయలుదేరింది.

ఆసుపత్రిలో తమ్ముణ్ణి చూసి వాడి నుదుటి మీద చెయ్యి వేసింది. తర్వాత డబ్బా మూత తీసి నా ముందు పెట్టింది.

"వాడు తీసుకెళ్ళింది ఇందులోంచే. అన్నీ ఒక్క విడతలో కట్టినవి. ఒకటి ఏరు."

"నేనెందుకు?"

"నేను ఏరితే నువ్వు నమ్మవు కదా. ఏరవే!"

అడుగున చెయ్యి పెట్టి ఒకటి తీసిచ్చాను. ఆవిడ దాన్ని కుడిచేతి బొటనవేలి మెత్తటి భాగంలోకి, మనం పరుపుకు సూది గుచ్చినట్టు, పూస దాకా దించేసింది. మిర్తా "అయ్యో!" అని అరిచింది. ఎర్సీలియా పళ్ళు బిగబట్టి, గాలాన్ని కాస్త కిందికి నొక్కి, దిగిన దారినే వెనక్కి లాగింది. ఎక్కడా పట్టుకోకుండా నున్నగా వచ్చేసింది.

"ఇంకోటి గుచ్చుకోమంటావా?"

"వద్దు వదినా, వద్దు" అని ఆవిడ చెయ్యి పట్టేసుకున్నాను. "మిర్తా, తీసెయ్."

మిర్తా చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని, రెప్పలోకి మత్తుమందు ఎక్కించి, అది పనిచేసేదాకా ఆగింది. పళ్ళ డాక్టరు కూడా ఎప్పుడొచ్చాడో గుమ్మంలో నిలబడి దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాడు. మిర్తా గాలాన్ని వేలితో కిందికి అదిమి, మెల్లగా వెనక్కి తీసింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఎర్సీలియా వేళ్ళు నా చేతిలో బిగుసుకుపోయాయి.

"వచ్చేసింది" అంది మిర్తా. "రెప్ప చీలలేదు. ఉబాల్దో, మెల్లగా కన్ను తెరువు. ఏం కనిపిస్తోంది?"

వాచిన రెప్ప కొంచెం కొంచెంగా లేచింది. ఎర్రటి కన్ను, నీళ్ళు కారుతున్నాయి. మిర్తా చూపిస్తున్న లైటు వైపు అది తిరగలేదు. మా వైపు తిరిగి, మా చేతుల మీద ఆగింది.

"అక్క వేలి నుంచి రక్తం కారుతోంది" అన్నాడు. "ఎవరైనా ముందు దాన్ని చూడండర్రా."

చూసుకుంటే నా చొక్కా చెయ్యంతా రక్తం. ఇంతసేపూ ఆ చెయ్యి పట్టుకుని ఉండి కూడా నాకు తెలియలేదు. ఎడమ కన్ను అరచేత్తో మూసి, "కుడి కంటితో చూసి చెప్పు, ఏ వేలు?" అంది మిర్తా. "బొటనవేలు. ఇక్కణ్ణుంచి గాలం దిగిన చోటు కూడా కనిపిస్తోంది" అన్నాడు. అంతే, నేను బావురుమన్నాను. సిగ్గూ ఎగ్గూ లేకుండా, ఆవిడ భుజం మీద పడి ఏడ్చాను.

"ఊరుకోవే, చేపలు బెదిరి కొండల అవతల చిలీకి పారిపోతాయి" అంది ఎర్సీలియా.

"పోతే పోనీ వదినా" అన్నాను. ఉబాల్దో రెండు కళ్ళతోనూ మమ్మల్నే చూస్తున్నాడు.